తొమ్మిది మందిమి, ఒక్క రోజు, థీమ్ పార్క్: శ్రీకాకుళం నుంచి ఎటు వెళ్తే మంచిది?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)
అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం టౌన్. మూడేళ్ళ నుంచి పిల్లలకి మాటిస్తూ వాయిదా వేస్తూ వచ్చాను, ఈసారి ఎలాగైనా ఒక పెద్ద థీమ్ పార్క్ చూపించాలి. నేను, మా ఆవిడ, పెద్దపాప పదమూడేళ్ళు, బాబుకి తొమ్మిది, చిన్నదానికి నాలుగు నిండాయి, మా అమ్మకి అరవై ఏడు, మోకాళ్ళ నొప్పులు. నరసన్నపేట నుంచి మా అప్ప (అక్క), బావ, మేనల్లుడు కూడా వస్తామన్నారు. మేనల్లుడు ఇంటర్. బావకి రెండేళ్ళ కిందట గుండెకి స్టెంట్ వేశారు, ఇప్పుడు బాగానే తిరుగుతున్నాడు.

పెద్దపాపకి రోలర్ కోస్టర్ కావాలి, బాబుకి నీళ్ళు కావాలి, మేనల్లుడికి అన్నీ కావాలి, చిన్నదానికి ఏదైనా పర్వాలేదు. మనసులో ఉన్నవి మూడు. హైదరాబాద్ రామోజీ ఫిల్మ్ సిటీ, హైదరాబాద్ వండర్‌లా, భువనేశ్వర్ దగ్గర కొత్తగా పెట్టిన వండర్‌లా. దసరా సెలవుల్లో వెళ్ళాలని ఉంది. సొంత కారులో తొమ్మిది మంది పట్టరు కాబట్టి రైలా, టెంపో ట్రావెలరా అన్నది కూడా తేల్చుకోలేదు. వెళ్ళొచ్చిన వాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి, చిన్న విషయమైనా పర్లేదు.

రాజాం_కుర్రోడు (రాజాం)
అన్నా వండర్‌లానే, ఇంకో ఆలోచన వద్దు. ఫ్రెండ్స్‌తో హైదరాబాద్ది వెళ్ళాం, రీకాయిల్ అని ఒక కోస్టర్ ఉంటది, ముందుకి ఎంత స్పీడుగా తీసుకెళ్తదో అదే దారిలో వెనక్కి అంత స్పీడుగా తెస్తది, దిగాక పది నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. కాలేజీ ఐడీ ఉంటే టికెట్ తగ్గిస్తారు, మీ మేనల్లుడిని ఐడీ కార్డు మర్చిపోవద్దని చెప్పండి.

సిక్కోలోడు_ఎల్బీనగర్ (ఊరు టెక్కలి, ఉండేది హైదరాబాద్)
అన్నా, రెండూ మా ఇంటికి దగ్గరే కాబట్టి ఊరి నుంచి చుట్టాలొచ్చిన ప్రతిసారీ నేనే తీసుకెళ్తాను, రామోజీకి ఐదారుసార్లు వెళ్ళుంటాను. రెండింటికీ పోలిక లేదు. ఫిల్మ్ సిటీ అంటే విజయవాడ హైవే మీద, 1996లో రామోజీరావు గారు కట్టింది, ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో కాంప్లెక్స్ అని గిన్నిస్ రికార్డు ఉంది, పదహారు వందల ఎకరాల పైనే. అక్కడ మీరు నడిచేది తక్కువ, వాళ్ళ బస్సుల్లోనే సెట్లన్నీ తిప్పుతారు. ఎయిర్‌పోర్టు సెట్టు, రైల్వే స్టేషన్ సెట్టు, లండన్ వీధిలాంటివి, బాహుబలి సెట్టు, పక్షుల పార్కు, సీతాకోకచిలుకల పార్కు, స్టేజీ మీద డాన్సులు, స్టంట్ షో. పెద్దవాళ్ళకి చాలా నచ్చుతుంది. రైడ్స్ కూడా ఉంటాయి గానీ మీ పెద్దపాప అనుకునే రకం కావు.

వండర్‌లా హైదరాబాద్ రావిర్యాల దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు పదమూడో ఎగ్జిట్, 2016లో తెరిచారు. అది పూర్తిగా రైడ్స్. రైడ్ ఎక్కనివాళ్ళకి అక్కడ పని తక్కువ, కూర్చోవడమే.

ఇంకో మాట. మీరు ఒక్కరోజు అంటున్నారు గానీ శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ ఏడొందల కిలోమీటర్ల పైనే కదన్నా. రాత్రంతా బండి, పొద్దున్న దిగి పార్కు, మళ్ళీ రాత్రి బండి అంటే నాలుగేళ్ళ పాప, అరవై ఏడేళ్ళ అమ్మ ఎలా తట్టుకుంటారు? హైదరాబాద్ అయితే మూడు రోజులు పెట్టుకుని రండి, లేకపోతే వద్దు.

బాహుదా (ఇచ్చాపురం)
నేనూ అదే అందామనుకున్నాను. మన జిల్లా వాళ్ళం ఏదైనా పెద్దది చూడాలంటే హైదరాబాదే అనుకుంటాం, అలవాటు. మ్యాపు తీసి చూడండి, శ్రీకాకుళం నుంచి భువనేశ్వర్ రోడ్డు మీద సుమారు 330 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్‌లో సగం కూడా లేదు, అదీ తిన్నగా ఒకటే హైవే, పదహారు నంబరు. మా ఇచ్చాపురం వాళ్ళకైతే ఇంకా దగ్గర, మేం పెళ్ళి బట్టలకి బరంపురం, ఆస్పత్రికి భువనేశ్వర్ అలవాటే.

వండర్‌లా వాళ్ళు అక్కడ 2024 మే నెలలో తెరిచారు. ఖుర్దా జిల్లాలో కుమార్‌బస్తా అనే ఊరు, మనవైపు నుంచి వెళ్తే భువనేశ్వర్ సిటీలోకి వెళ్ళక్కర్లేదు, ముందే వస్తుంది. దాదాపు యాభై ఎకరాలు, ఇరవై పైచిలుకు రైడ్స్. హైదరాబాద్ దానికంటే చిన్నదే, కానీ ఒక్కరోజులో పిల్లలు అన్నీ చూడగలిగే సైజు, నాకైతే అదే మంచిదనిపించింది. భాష గురించి భయం వద్దు, హిందీ వస్తే సరిపోతుంది, తెలుగు అర్థమయ్యేవాళ్ళు కూడా తగుల్తారు.

మూడులాంతర్లు (విజయనగరం)
దసరా సెలవులు అన్నారు కాబట్టి ఒక సూచన. ఆ పది రోజులూ ఒడిశాలో కూడా దుర్గాపూజ సెలవులే, రెండు రాష్ట్రాల పిల్లలూ అక్కడే ఉంటారు, ఒక్కో రైడ్‌కి గంట నిలబడాలి. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం మాకు పైడితల్లమ్మ సిరిమానోత్సవం, ఆ రెండు మూడు రోజులు విజయనగరం మీదుగా ప్రయాణం పెట్టుకోకండి. మామూలు పనిదినాన ఒకరోజు బడి మానిపించినా నష్టం లేదు, టీచరుగా చెప్తున్నాను, ముందుగా క్లాస్ టీచర్‌కి లెటర్ ఇవ్వండి చాలు.

జీడితోట (పలాస)
మాస్టారు చెప్పింది నిజం. దానికి తోడు అక్టోబర్ అంటే మాకు పలాసలో గుండె దడ. 2018లో అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా జీడి చెట్లు కొబ్బరి చెట్లు రాత్రికి రాత్రి నేలమట్టమైపోయాయి, రైళ్ళు లేవు కరెంటు లేదు. భయపెట్టడానికి కాదు తమ్ముడూ, ఆ నెలల్లో ఏది బుక్ చేసినా డబ్బు వెనక్కొచ్చే రకం హోటలు, తేదీ మార్చుకోనిచ్చే టికెట్టు చూసుకో. వెళ్ళే వారం రోజుల ముందు నుంచి వాతావరణ శాఖ బులెటిన్ చూస్తూ ఉండు.

మేం జూన్‌లో వెళ్ళాం, ఇద్దరు పిల్లలతో. అప్పుడు ఒడిశాలో రొజొ పండగ అని తెలీదు నాకు, మూడు రోజులు వాళ్ళకి పెద్ద పండగ, జనం జనం. అందుకే తేదీ పెట్టుకునే ముందు మన క్యాలెండర్‌తో పాటు వాళ్ళ క్యాలెండర్ కూడా చూడాలి.

టికెట్ సంగతి. పిల్లల టికెట్ వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టి. 85 సెంటీమీటర్ల లోపు ఉంటే ఉచితం, 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్, ఆ పైన పెద్దవాళ్ళ టికెట్టే. నేను ముందు రోజు గుమ్మానికి ఆనించి పెన్సిల్‌తో గీత పెట్టి కొలిచాను, అక్కడ గేటు దగ్గర పెట్టే కొలతకి మనసు సిద్ధంగా ఉంటుంది. ఆన్‌లైన్‌లో ముందు తీసుకుంటే తక్కువ పడుతుంది, శని ఆదివారాలు రేటెక్కువ.

నాగావళి_గట్టు
అందరికీ పేరుపేరునా థాంక్స్. అయితే భువనేశ్వర్ వైపే మొగ్గు. చిన్నది 101 ఉంది, ఇప్పుడే కొలిచాను. మా బాబు ఒకటే గొడవ, పెద్ద రైడ్‌కి ఎత్తు చాలకపోతే మడమ ఎత్తు బూట్లు వేసుకుంటానంటున్నాడు. ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాకి అంత పట్టింపు ఉంటుందంటారా?

మూడులాంతర్లు
ఉండాలి. మీరు కూడా పట్టించుకోవాలి. బాబుకి ఇలా చెప్పండి, నా క్లాసులో పిల్లలకి నేను చెప్పేదిదే. కోస్టర్ బండికి ఇంజను ఉండదు. మొదటి గుట్ట పైదాకా గొలుసు లాగుతుంది, అక్కడ వదిలేస్తుంది, ఆ తర్వాత అంతా భూమి లాగుడే. అందుకే మొదటి గుట్ట అన్నిటికన్నా ఎత్తుగా ఉంటుంది, దారిలో గాలి, పట్టాల రాపిడి కొంత శక్తిని తినేస్తాయి కాబట్టి తర్వాతి గుట్ట అంతకంటే ఎత్తుంటే బండి ఎక్కలేదు. (గొలుసు బదులు అయస్కాంతాలతో తోసే రకం కూడా ఉంది.) ఇప్పుడు గుట్ట దాటి కిందకి దిగేటప్పుడు ఒంటికి బరువు లేనట్టుంటుంది, సీట్లోంచి పైకి లేస్తాం. ఆ క్షణంలో మనల్ని పట్టి ఉంచేది తొడల మీద బిగిసే రాడ్డు, భుజాల మీదకి దిగే కవచం. అవి ఒక కొలత ఒంటికి సరిపోయేలా చేస్తారు. బూటు వల్ల తల ఎత్తు పెరుగుతుంది గానీ తొడ, నడుము, భుజం పెరగవు కదా, రాడ్డుకీ ఒంటికీ మధ్య ఖాళీ అలాగే ఉంటుంది. కొలబద్ద దగ్గర నిలబెట్టేవాడు మన పిల్లాడి కోసమే నిలబెడతాడు.

ఈసారి ఎత్తు చాలకపోతే గుమ్మం మీద గీత పెట్టి తేదీ రాయండి. వచ్చే ఏడాది వాడే చూసుకుంటాడు.

నాగావళి_గట్టు
మాస్టారూ ఇది వాడికి చదివి వినిపించాను. బూట్ల మాట మానేశాడు, ఇప్పుడు అయస్కాంతాలది ఎలా పనిచేస్తుందని అడుగుతున్నాడు.

వేగావతి (బొబ్బిలి)
నేను స్టాఫ్ నర్సుని. మీ బావగారి గురించి రాసింది చదివి ఆగలేకపోయాను. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, బీపీ ఎక్కువున్నవాళ్ళు, వెన్ను మెడ నొప్పులున్నవాళ్ళు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు, గర్భిణులు ఎక్కకూడదని పెద్ద రైడ్ల ముందు బోర్డు ఉంటుంది, దాన్ని సీరియస్‌గా తీసుకోండి. స్టెంట్ వేసినవాళ్ళకి రక్తం గడ్డకట్టకుండా మందులిస్తారు కదా, కుదుపుకి తగిలిన చిన్న దెబ్బ కూడా నల్లగా కమిలిపోతుంది. ఆయన డాక్టరు దగ్గరికి ఎలాగూ చెకప్‌కి వెళ్తారు, ఏవి ఎక్కొచ్చో అప్పుడే అడగమనండి. మందులు ఒక పూట కూడా తప్పకూడదు, లాకర్‌లో పెట్టి మర్చిపోకుండా అప్ప గారి దగ్గర ఒక పూట డోసు ఉంచండి.

ఇంకా ఓఆర్ఎస్ ప్యాకెట్లు. నీళ్ళలో ఆడితే చెమట తెలీదు, దాహం తెలీదు, సాయంత్రానికి పిల్లలు నీరసంతో ఏడుస్తారు, మనం అలిసిపోయారనుకుంటాం. గంటకోసారి నాలుగు గుక్కలు తాగించండి. గిర్రున తిరిగే రైడ్లు కడుపు నిండా తిన్న వెంటనే వద్దు, కళ్ళకి ఒకటి కనపడి చెవిలోని సమతూకానికి ఇంకొకటి తెలిసినప్పుడే వాంతి వస్తుంది. పొద్దున్న ఇడ్లీ చాలు, మధ్యాహ్నం తిన్నాక ఒక గంట ఏదైనా షో చూడండి.

రాజాం_కుర్రోడు
ఇంకో టిప్ అన్నా. గేటు తెరవగానే అందరూ మొదట కనపడ్డ రైడ్ దగ్గర ఆగిపోతారు, మీరు తిన్నగా లోపల చివరికి వెళ్ళిపోండి, అక్కడ ఖాళీ. పెద్ద కోస్టర్లు పొద్దున్నే కొట్టేయండి. నీళ్ళ రైడ్స్ కాస్త లేటుగా తెరిచి ముందే మూసేస్తారు కాబట్టి మధ్యాహ్నం ఎండలో అవి, మళ్ళీ బట్టలు మార్చుకుని సాయంత్రం మిగిలినవి. ఫోన్‌కి ప్లాస్టిక్ పౌచ్ కొనుక్కోండి, నాది నీళ్ళలో పోయింది.

జీడితోట
బట్టల గురించి ఎవరూ చెప్పలేదు. నీళ్ళలోకి కాటన్ ఒప్పుకోరు. చీర, పంజాబీ డ్రెస్సు, చున్నీ, జీన్సు ఏవీ కుదరవు. నైలాన్, పాలిస్టర్ లాంటివే. కాటన్ నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, దారాలూ రంగూ నీళ్ళలో కలుస్తాయి, బటన్లు జిప్పులు జారుడుబల్లని గీరేస్తాయి, అందుకని ఆ రూలు. అక్కడ కొనుక్కోవచ్చు గానీ ఇక్కడే కొనుక్కెళ్తే మనకి కావాల్సిన పొడుగు చేతులవి, మోకాలి కిందదాకా ఉన్నవి చూసి తీసుకోవచ్చు. బయట తిండి లోపలికి రానివ్వరు, పసిపిల్లల తిండికీ మందులకీ అభ్యంతరం లేదు.

కళింగపట్నం_తాతయ్య (కళింగపట్నం)
బావూ, మొదట్నించీ సదువుతన్నాను. అందరూ మంచి మాటలే సెప్పారు. నానొకటడుగుతాను, ఏమనుకోకు. నువ్వు పెద్దగుంటకేటి కావాలో రాసావు, గుంటడికేటి కావాలో రాసావు, మేనల్లుడికి రాసావు. మీ యమ్మకేటి కావాలో రాయనేదు. మోకాళ్ళ నొప్పులని మాత్రం రాసావు. ఆవిణ్ణి అడిగావా?

మా ఇంట్లో నలభై ఏళ్ళు ఎక్కడికెళ్ళినా మా యావిడ సంచుల కాడ కూకునేది. సింహాచలం ఎల్లినా, అరసవిల్లి రథసప్తమికెల్లినా, వైజాగ్ బీచ్‌కెల్లినా. పిల్లలు ఆడుకోవాలి, నాను సూడాలి, సంచులు ఎవరో ఒకరు సూడాలి కదా. పోయిన ఏడు ఆవిడ పోయింది. ఇప్పుడు తలుసుకుంటే నాకు ఆ సంచులే కనపడతన్నాయి. అందుకే సెప్తన్నాను.

వేగావతి
తాతయ్యగారూ 🙏

నాగావళి_గట్టు
రెండు రోజులు ఇటు రాలేదు. తాతయ్యగారు అడిగింది నిజం, నేను అడగలేదు. అమ్మ ఎలాగూ వస్తుంది, చిన్నదాన్ని చూసుకుంటుంది అనే లెక్కలోనే ఉన్నాను. రైడ్స్ ఎక్కేటప్పుడు బ్యాగులు ఎలా అన్న ఆలోచన కూడా నాకు రాలేదు, ఎందుకంటే ఎప్పుడూ అమ్మే ఉంటుంది.

రాత్రి అన్నాలయ్యాక అడిగాను. మొదట, నానెందుకురా, ఇంటికాడ మొక్కలకి నీళ్ళెవరు పోస్తారు, మీరెల్లి రండి అంది. నేను ఊరుకోలేదు, పెద్దపాప పక్కన కూర్చుని మామ్మా నీకేం చూడాలని ఉంది చెప్పు అని పట్టుకుంది. చాలాసేపటికి, పూరీ జగన్నాథుడ్ని ఒక్కసారి చూడాలుండేది అంది. మా నాన్నగారు ఉన్నప్పుడు రెండుసార్లు అనుకున్నారట, రెండుసార్లూ కుదరలేదట. నాకిప్పటిదాకా తెలీదు ఈ సంగతి. నలభై రెండేళ్ళొచ్చాయి నాకు.

కాబట్టి ప్లాన్ మారింది. ఒక్కరోజు పార్కు, ఒక్కరోజు పూరీ. దసరా వద్దు, కార్తీకంలో పెట్టుకుంటాం. ఎలా అమర్చుకోవాలో చెప్పండి.

బాహుదా
ఎంత మంచి మాట చెప్పారండీ. ఇది నా చేతిలో పని, నేను చెప్తాను.

కార్తీకం అన్నారు కదా, జాగ్రత్త. ఒడిశా వాళ్ళకి కార్తీకం పున్నమితో అయిపోతుంది. పున్నమితో కలిపి చివరి ఐదు రోజుల్ని పంచుక అంటారు, అప్పుడు పూరీలో ఇసకేస్తే రాలదు, మోకాళ్ళ నొప్పులతో ఆ క్యూలో అమ్మగారు నిలబడలేరు. పున్నమికే కటక్‌లో బాలియాత్ర మొదలు, భువనేశ్వర్ చుట్టూ గదులు కూడా దొరకవు. మన తెలుగువాళ్ళకి మాత్రం కార్తీకం అమావాస్య దాకా ఉంటుంది. అంటే పున్నమి దాటిన వారం తర్వాత వెళ్తే అమ్మగారికి కార్తీకమాసంలో దర్శనం చేసుకున్నట్టూ ఉంటుంది, అక్కడ జనమూ పల్చబడతారు. ఆ రెండో పక్షంలో సోమ, శని, ఆదివారాలు కాకుండా చూసుకోండి.

రైలు. వైజాగ్ నుంచి భువనేశ్వర్ వందే భారత్ ఉంది, 2024 మార్చి నుంచి తిరుగుతోంది. మధ్యాహ్నం వైజాగ్‌లో బయల్దేరి విజయనగరం, శ్రీకాకుళం రోడ్, పలాస, మా ఇచ్చాపురం, బరంపురం మీదుగా రాత్రికి వెళ్ళిపోతుంది. వారంలో ఒకరోజు ఉండదు, చూసుకుని బుక్ చేసుకోండి. నాలుగేళ్ళ పాపకి సీటు అడక్కపోతే టికెట్ అక్కర్లేదు. సామానుతో శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కి, అంటే ఆమదాలవలసకి, టౌన్ నుంచి ముందుగా బయల్దేరండి, ఆ పదమూడు కిలోమీటర్లే ఒక్కోసారి లేట్ చేస్తాయి. ఖుర్దా రోడ్‌లో దిగి అక్కడే గది తీసుకుంటే పార్కు దగ్గర. మర్నాడంతా పార్కు. మూడో రోజు తెల్లవారుజామున కారులో పూరీ, దర్శనం, గుడిలోనే ఉండే ఆనంద బజార్లో మహాప్రసాదం, మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం మళ్ళీ ఖుర్దా రోడ్ వచ్చేస్తే రాత్రి మనవైపు బళ్ళు చాలా ఉంటాయి. గుడిలోకి ఫోన్లు, తోలు సామాన్లు తీసుకెళ్ళనివ్వరు, ముందే కారులో వదిలేయండి.

మూడులాంతర్లు
చిలికా సరస్సు పక్క నుంచి బండి వెళ్ళేటప్పుడు పిల్లల్ని కుడివైపు కిటికీల దగ్గర కూర్చోబెట్టండి. నీళ్ళు పట్టాల దగ్గరదాకా వస్తాయి. బండి అక్కడికొచ్చేసరికి నవంబర్‌లో చీకటి పడిపోతుంది, ఏమైనా కనపడితే అదృష్టం.

జీడితోట
తమ్ముడూ, అమ్మగారికి కూడా ఒక నైలాన్ డ్రెస్సు కొను. వద్దంటారు. అయినా కొను. సంచులకి లాకర్ తీసుకోండి, ఒకటి కాదు రెండు తీసుకోండి, ఎవరూ కాపలా కూర్చోవద్దు.

సిక్కోలోడు_ఎల్బీనగర్
చిన్నదాన్ని చూసుకోవడానికి వంతులు వేసుకోండన్నా. మేం అలాగే చేస్తాం. గంటకి ఒకరు, ఫోన్‌లో అలారం పెట్టుకుని మరీ. మగవాళ్ళని కూడా కలుపుకుని.

నాగావళి_గట్టు
రాసి పెట్టుకున్నాను. బుకింగ్స్ అయ్యాయి. వెళ్ళొచ్చాక రాస్తాను.

నాగావళి_గట్టు
వెళ్ళొచ్చామండీ. నిన్న తెల్లవారుజామున దిగాం, పిల్లలు ఇంకా పడుకునే ఉన్నారు, మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

రైలు టైముకే వచ్చింది. చిలికా దగ్గరికి వచ్చేసరికి చీకటైపోయింది మాస్టారూ, ఏమీ కనపడలేదు. గది విషయంలో ఒక ఇబ్బంది, నేను ఫోన్‌లో మాట్లాడి పెట్టుకున్న చోట వెళ్ళేసరికి లిఫ్ట్ పనిచేయట్లేదు, మాకేమో రెండో అంతస్తు ఇచ్చారు, అమ్మ ఒక్కో మెట్టూ పట్టుకుని ఎక్కింది. పెద్దవాళ్ళుంటే కింద అంతస్తే కావాలని ముందే గట్టిగా చెప్పుకోవాలి, నేను చెప్పలేదు.

పార్కులో పనిదినం కాబట్టి జనం తక్కువే. రాజాం తమ్ముడు చెప్పినట్టు తిన్నగా లోపలికెళ్ళిపోయాం, పొద్దున్న గంటన్నరలో పెద్దపాపా మేనల్లుడూ పెద్దవి నాలుగు ఎక్కేశారు, ఒకటైతే రెండుసార్లు. బాబుకి ఒకదానికి ఎత్తు చాల్లేదు, కొలబద్ద దగ్గర నిలబడి వాడంతట వాడే వెనక్కొచ్చేశాడు, ఏడవలేదు, వాళ్ళక్కకి రాడ్డు సరిగ్గా బిగిసిందా లేదా అని కింద నుంచి చూస్తూ నిలబడ్డాడు. బావ డాక్టరు మాట విని ఏ పెద్దదీ ఎక్కలేదు, చిన్నదానితో పిల్లల రైడ్స్ దగ్గరే ఉన్నాడు, వాళ్ళిద్దరికీ బాగా కుదిరింది. వంతులు పెట్టుకున్నాం గానీ ఆయన తన వంతు అయిపోయినా వదల్లేదు. లాకర్లు రెండు తీసుకున్నాం.

అసలు సంగతి మధ్యాహ్నం. అమ్మకి పెద్దపాపే డ్రెస్సు సెలెక్ట్ చేసింది, నేవీ బ్లూ, మణికట్టుదాకా చేతులు, కింద ప్యాంటు. ఇంటి దగ్గర చూపించినప్పుడు ఈ వయసులో ఏటిది అని పక్కన పెట్టేసింది. అక్కడ అలలు వచ్చే కొలను దగ్గర మా ఆవిడా అప్పా ఇద్దరూ మార్చుకుని వచ్చారు, వాళ్ళకీ ఇదే మొదటిసారి. వాళ్ళని చూసి అమ్మ ఏమీ అనలేదు, ఆ సంచీ ఇలా ఇయ్యి అని తీసుకుని పెద్దపాపతో లోపలికెళ్ళింది. బయటికొచ్చాక కాసేపు చేతులు ముడుచుకుని నిలబడింది. తర్వాత చూస్తే అక్కడ అమ్మ వయసు ఒడియా ఆవిడలు ఇద్దరు అలాంటివే వేసుకుని నీళ్ళలో కూర్చున్నారు. అంతే, దిగింది.

మొదట చీలమండల దాకా. అల వచ్చినప్పుడు పాప చేయి గట్టిగా పట్టుకుంది. అడుగు మెల్లగా ఏటవాలుగా ఉంటుంది కాబట్టి మెట్టు దిగే పని లేదు, మోకాళ్ళకి ఇబ్బంది లేదు, నీళ్ళలో బరువు తెలీదు కదా, ఎప్పుడూ లేనంత తేలిగ్గా నడిచింది. నడుం దాకా వెళ్ళి ఆగింది. గంట ఉంది. నేను పైకొచ్చేద్దాం అమ్మా చల్లబడుతోంది అంటే నువ్వెళ్ళు అంది. మా అమ్మ కళింగపట్నం సముద్రంలో మాఘ స్నానానికి ఏటా వెళ్ళేది, ఒడ్డున మూడు మునకలు వేసి మా బట్టలు చూసుకోవడానికి వచ్చేసేది. ఇన్నేళ్ళలో నీళ్ళలో ఊరికే నిలబడటం నేను చూడలేదు.

పూరీ మర్నాడు. బాహుదా గారూ మీరు చెప్పిన రోజులు సరిగ్గా సరిపోయాయి, గంట లోపే దర్శనం అయింది. అమ్మ నాన్నగారి ఫోటో చీర కొంగులో కట్టుకుని తెచ్చిందని లోపలికెళ్ళాక తెలిసింది. మహాప్రసాదం తెచ్చాం, తాతయ్యగారూ మీకు కొంచెం దాచాం, మా మేనల్లుడు ఆదివారం కళింగపట్నం వైపు వస్తాడు, మీరు ఒప్పుకుంటే ఇస్తాడు.

కళింగపట్నం_తాతయ్య
రమ్మను బావూ. లైట్‌హౌస్ కాడికొచ్చి నాకు ఇందులోనే మెసేజ్ పెట్టమను, నానొస్తాను. మీ యమ్మని అడిగానని సెప్పు.

జీడితోట
చదువుతుంటే కళ్ళు తుడుచుకోవాల్సొచ్చింది తమ్ముడూ.

వేగావతి
చల్లటి నీళ్ళలో గంట ఉన్నారు కాబట్టి మోకాళ్ళకి రెండు రోజులు వేడి కాపడం పెట్టమనండి. వాపు ఉంటే మాత్రం చూపించండి.

నాగావళి_గట్టు
పెడుతున్నామండీ. వాపు లేదు.

రాజాం_కుర్రోడు
అన్నా, ఆ డ్రెస్సు ఎక్కడ కొన్నారు? మేం సంక్రాంతి తర్వాత అమ్మని తీసుకెళ్దామనుకుంటున్నాం. ఇంతకుముందు ఫ్రెండ్స్‌తోనే వెళ్ళేవాణ్ణి.

నాగావళి_గట్టు
ఏడురోడ్ల జంక్షన్ దగ్గర బట్టల కొట్లో తమ్ముడూ, స్విమ్మింగ్ డ్రెస్సులని అడుగు, లోపలి నుంచి తీసి చూపిస్తారు. మామూలుగా వేసుకునే సైజు కంటే ఒకటి పెద్దది తీసుకో, తడిస్తే ఒంటికి అతుక్కుంటే వాళ్ళకి ఇబ్బంది. పైన వేసుకోవడానికి ఒక పెద్ద తువ్వాలు కూడా, ముదురు రంగుది.